బూడిద రంగు కారు ఎడమ పక్క

ఇనుప గనుల ఊరు బచేలీలో పార్వతమ్మ వేలిముద్రను ఏ యంత్రమూ పట్టుకోదు. రేషన్ దుకాణంలో, బ్యాంకులో, ఫోను సిమ్ములు అమ్మే కొట్టులో, ఎక్కడ బొటనవేలు ఆనించినా ఎర్రలైటే వెలుగుతుంది. ముప్పై ఏళ్లు తడి ఎమరీ గరుకు కాగితం పట్టుకుని కార్లూ జీపులూ రుద్దిన వేళ్లవి. గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి.

నేను పోస్టాఫీసులో పనిచేస్తూ వాళ్ల రంగుల షెడ్డు వెనక వాటాలో తొమ్మిదేళ్లు అద్దెకున్నాను. ఇక్కడ రాస్తున్నదాంట్లో కొంత నేను చూసింది, కొంత ఆమె చెప్పింది, మిగతాది నర్సు హిడ్మే చెప్పింది.

పార్వతమ్మ భర్త అప్పలకొండది బొబ్బిలి దగ్గర పల్లె. గనికి లారీలు తిప్పే కాంట్రాక్టరు దగ్గర రంగులు వేసే పని దొరికితే, పెళ్లయిన మూడోనెల్లోనే ఆమెను వెంటబెట్టుకుని కిరందుల్ రైలెక్కాడు. కొన్నాళ్లకి బచేలీలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టాడు. రంగు కొట్టడం ఆయన పని. అంతకు ముందు జరగాల్సినదంతా ఆమె పని. సొట్ట తీసిన చోట లప్పం పెట్టాలి, ఆరాక నీళ్లు పోస్తూ రుద్దాలి, మళ్లీ పెట్టాలి, మళ్లీ రుద్దాలి. ఎక్కడ లప్పం ఆగి ఎక్కడ ఇనుము మొదలయిందో చేతికి తెలియకుండా పోయేదాకా రుద్దాలి. బండి తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు రంగు మెరుపు చూసి అప్పలకొండను మెచ్చుకునేవారు. ఆ మెరుపు కింద చదును ఎవరి చేతిదో అడిగినవాళ్లు లేరు.

ఆరేళ్ల కిందట ఆయన ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ముక్కుకు తువ్వాలు తప్ప ఇంకేమీ కట్టుకోకుండా అన్నేళ్లు రంగు కొట్టిన ఫలితం అది. ఇప్పుడు షెడ్డు కొడుకు ఉమామహేశ్ చూసుకుంటున్నాడు. పార్వతమ్మ మాత్రం ఇంకా పొద్దున్నే బకెట్టు నీళ్లూ కాగితమూ తీసుకుని కూర్చుంటుంది.

పాత బండి కొనబోయేవాళ్లు ఆమెను వెంట తీసుకెళ్లడం ఆయన బతికున్నప్పుడే మొదలయింది. గని కాలనీ బడిలో పనిచేసే ఒక పంతులుగారు జగదల్‌పూర్‌లో కారు చూసి ముచ్చటపడి, అప్పలకొండను రమ్మంటే ఆయనకు జ్వరంగా ఉండి ఆమెను పంపాడు. ఆమె కారు చుట్టూ ఒకసారి చెయ్యి వేసుకుంటూ తిరిగి, "దీని వెనక సగం ఇంకో కారుది బాబూ" అంది. కారు అమ్మేవాడు నవ్వాడు. ఆమె వెనక డిక్కీలో పరిచిన గుడ్డ ఎత్తి, అడ్డంగా పోతున్న వెల్డింగు అతుకు చూపించింది. అప్పటినుంచి గీదం, దంతెవాడ, జగదల్‌పూర్, ఎక్కడ బండి బేరమైనా ఆమెకు కబురొచ్చేది.

ఆమె పద్ధతి ఆమెది. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళకే చూస్తుంది. అప్పుడే కడిగిన బండి ముట్టుకోదు, నీటి మెరుపు తప్పులన్నీ దాచేస్తుందంటుంది. ముందు పదడుగుల దూరంలో గొంతుక్కూర్చుని, బండి పొడుగునా కన్ను సారిస్తుంది. తర్వాత పల్చటి నూలు గుడ్డ అరచేతి కింద పెట్టి నెమ్మదిగా తడుముతుంది. ఉత్తి చేతికంటే గుడ్డ అడ్డం ఉంటేనే ఎగుడుదిగుడు బాగా తెలుస్తుందట. ఆఖరికి వేలు మడిచి తలుపు కొట్టినట్టు కొడుతుంది.

హిడ్మే ఉసూర్ వైపు దోర్ల తెగ పిల్ల. తెలుగు, గోండీ, హిందీ మూడూ తడుముకోకుండా మాట్లాడుతుంది. బచేలీకి అవతల కొండపక్క ఊళ్లకు నర్సు. అప్పలకొండ మంచం పట్టిన నాలుగు నెలలూ డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి సూదిమందు ఇచ్చి వెళ్లేది. పార్వతమ్మను "అత్తా" అని పిలుస్తుంది. నొప్పులొచ్చిన ఆడవాళ్లను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తేవడం కష్టమైపోతోందని, ఒక పాత కారు కొనుక్కోవాలనుకుంది.

సరిగ్గా అప్పుడే కాలనీలో రాజేశ్వరరావుగారు కారు అమ్ముతున్నారని తెలిసింది. ఆయన గనిలో ఫోర్‌మన్. మార్చి నెలాఖరుకు రిటైరై రాజమండ్రి వెళ్లిపోతున్నారు. కాలనీ రామాలయం కమిటీకి ఆయనే పెద్ద. కల్యాణానికి తలంబ్రాలు కలపడం దగ్గర్నుంచి, ఎవరింట్లో చావు జరిగినా శవం ఊరు చేర్చడానికి బండి మాట్లాడటం దాకా అన్నిటికీ ఆయనే ముందుండేవారు. తెలుగువాళ్లలో ఆయన మాటంటే గురి. కారు బూడిద రంగుది, శుభ్రంగా ఉంటుంది. స్కూటరు తగిలి గోరంత పెచ్చు లేచినా ఆయన అప్పలకొండ షెడ్డుకే తెచ్చేవారు.

"ఆళ్ల బండికి నేనెందుకే తల్లీ? మన సేతుల్లో పెరిగిన బండి. కొనుక్కో" అంది పార్వతమ్మ.

"ఏమో అత్తా, నువ్వు ఒక్కసారి చెయ్యి పెట్టు. నాకు ధైర్యముంటది" అంది హిడ్మే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ కాలనీకి వెళ్లారు. రాజేశ్వరరావుగారు కారును ఇంటి ముందు చెట్టు నీడ నుంచి ఎండలోకి తెచ్చి పెట్టారు. ఆయన భార్య రామసుబ్బమ్మ అరుగు మీద కుర్చీలు వేసి, కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది.

"నీకు తెలియని బండి కాదు పార్వతమ్మా," అన్నారాయన. "ఎనిమిదేళ్లుగా నేనొక్కణ్ణే నడిపాను. మీ ఆయన వెనక తలుపుకు వేసిన రంగు తప్ప దీని మీద ఇంకో చెయ్యి పడలేదు. అమ్మాయ్, నువ్వు అదృష్టవంతురాలివి. బయట అమ్మితే ఇంకా ఎక్కువొస్తుంది, నర్సువని నీకిస్తున్నాను."

పార్వతమ్మ కుడిపక్క నుంచి మొదలుపెట్టింది. ముందు భాగం, తలుపులు, అన్నీ కంపెనీ రంగే. వెనక తలుపు మీద అప్పలకొండ వేసిన రంగు దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. అక్కడ తను రుద్దిన చదును ఆమెకు తెలిసింది. నవ్వుకుని వెనకనుంచి ఎడమపక్కకు తిరిగింది.

ఎడమ ముందు చక్రం పైన చెయ్యి ఆగిపోయింది. గుడ్డ తీసి మళ్లీ పెట్టింది. అక్కడ రేకు ఊపిరి పీల్చుకున్నంత ఉబ్బుంది. వేలు మడిచి కొడితే కుడిపక్క ఖంగుమన్న రేకు, ఇక్కడ పిండి బస్తాను కొట్టినట్టు మొద్దుగా పలికింది. కొంగు ముడిలోంచి చిన్న అయస్కాంతం తీసి ఆనించింది. అది పట్టుకోకుండా జారి కింద పడింది. లోపల వేలు మందాన లప్పం.

ఆమె దాన్ని ఏరి కొంగులో ముడేసుకుంది. ముందు తలుపు తెరిచి అంచున ఉన్న రబ్బరు పట్టీ కాస్త లాగింది. దాని కింద రంగు అంచు గోరుకు తగిలేలా గట్టుకట్టి ఉంది. పట్టీ ఊడదీయకుండా దాని మీద కాగితం అంటించి రంగు కొడితే అలా ఉంటుంది. బానెట్టు ఎత్తించింది. బిగించిన బోల్టుల మూలలు స్పానర్ పడి చెక్కుకుపోయాయి. కుడి దీపం అద్దం ఎండకు పసుపు తిరిగింది, ఎడమది కొత్త గాజు గ్లాసులా తెల్లగా ఉంది. ముందు అద్దం మూల, అది ఏ సంవత్సరం చేసిందో తెలిపే చిన్న అంకెలుంటే, తన కళ్లకు ఆనవని హిడ్మేను చదవమంది.

"ఇరవై నాలుగు అని ఉన్నది అత్తా."

"కారు ఏ సంవత్సరందమ్మా?"

"పదిహేడు."

రాజేశ్వరరావుగారు దగ్గరికొచ్చారు. "ఓ, అద్దమా! లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరొచ్చి పగిలింది. అది అందరికీ అయ్యేదే కదా."

"అద్దం సంగతి సరే బాబుగారూ. ఈ పక్క కూడా రంగేసినారు కదా."

"అదా... గేటు స్తంభానికి రాసుకుంది. చెప్పడం మర్చిపోయాను."

"గేటుకి రాసుకుంటే గీసుకుంటాది గానీ నొక్కుకోదు."

ఆయన చిరాగ్గా నవ్వారు. "సరే, దాచడమెందుకు. గీదం రోడ్డులో ఎద్దు అడ్డమొచ్చింది. ఎద్దును కొట్టానని చెప్పుకోవడం బావుండదని చెప్పలేదు. గుడి కమిటీలో ఉన్నవాణ్ణి."

పార్వతమ్మ కారు ముందు గొంతుక్కూర్చుని అడుగునుంచి పైకి చేత్తో చూపించింది. "ఎద్దయితే ముందర దీపాల మద్దిన జాలీ ఇరుగుతాది బాబుగారూ. జాలీ పాతదే ఉంది. దెబ్బ ఇక్కడ మోకాలెత్తున మొదలయింది. ఇలాగ బానెట్టు అంచుకెక్కింది. ఆ పైన అద్దానికి తగిలింది. ఎద్దు ఇలాగెక్కదు."

హిడ్మే మోకాలు దగ్గర్నుంచి అద్దం దాకా ఉన్న ఎత్తును కళ్లతో కొలిచింది.

"గోరంత పెచ్చూడితే మా షెడ్డుకి తెచ్చీవోరు. ఇంత పనికి ఎందుకు తేలేదు బాబుగారూ? ఎక్కడ సేయించినారు?"

"విశాఖపట్నంలో. ఆ ఊరెళ్లినప్పుడు... ఏమిటి, పోలీసులా అడుగుతున్నావేంటి? బండి కావాలా వద్దా?" ఆయన గొంతు పెరిగింది.

రామసుబ్బమ్మ కాఫీ గ్లాసులున్న పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అంతా వింటోంది. భర్త ముఖం చూసి గబగబా మెట్లు దిగింది. "పోనియ్యండి. ఆ అమ్మాయికి నచ్చకపోతే ఇంకొకరు కొనుక్కుంటారు. పోనియ్యండి, పోనియ్యండి" అంది.

హిడ్మే గ్లాసు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆమెకు ఆ క్షణాన గుర్తొచ్చింది లచ్చు. కొండపక్క ఊళ్లో వెదురు బుట్టలల్లే మనిషి. అంతకుముందు ఏడాదిన్నర కిందట, శ్రావణమాసంలో, సంతలో బుట్టలు అమ్ముకుని సైకిలు మీద సాయంత్రం ఇంటికి పోతున్నాడు. వాన పడుతోంది. బచేలీ దాటాక వచ్చే మలుపులో ఒక కారు వెనకనుంచి వచ్చి గుద్దింది. సైకిలు ఒకవైపు పడింది, అతను రోడ్డు పక్క కాలవలో పడ్డాడు. కారు కొంచెం ముందుకెళ్లి ఆగింది. ఒక తలుపు తెరుచుకుంది. లోపలనుంచి ఆడమనిషి గొంతు వినబడింది. తలుపు మూసుకుంది, కారు వెళ్లిపోయింది. రెండు గంటల తర్వాత ఒక లారీ డ్రైవరు చూసి ఆస్పత్రికి చేర్చాడు. అప్పటికే ఆలస్యమైంది. ఎడమకాలు మోకాలి పైకి తీసేశారు.

అయిదు నెలలు ఆ గాయానికి కట్టు మార్చింది హిడ్మేనే. లచ్చుకు గోండీ, కాస్త హిందీ తప్ప రావు. కానీ కాలవలో పడి విన్న ఆ మాట అతని చెవిలో ఉండిపోయింది. కట్టు విప్పుతుంటే నొప్పి మరిచిపోవడానికన్నట్టు, అర్థం తెలియకుండానే దాన్ని చిలకలా పలికేవాడు. "పోనియ్యండి, పోనియ్యండి." ఆ మాటకు అర్థమేమిటని అడిగేవాడు. హిడ్మేకు తెలుసు. తెలిసినా, ఏదో ఊరి పేరేమోనని చెప్పి తప్పించుకుంది. ఆ మాట సంగతి పోలీసులతో చెప్పింది గానీ, ఆ రోడ్డు మీద తిరిగే తెలుగువాళ్లు వేలమంది. గుర్తు తెలియని వాహనం అని కేసు అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నరమ్మా ఇప్పుడు?" అంది హిడ్మే.

"ఏమన్నాను? పోనియ్యండి అన్నాను."

"పోయినేడు కాదు, అంతకు ముందేడు శ్రావణంల, సంతనాడు, వానల... అప్పుడు గూడ గట్లనే అన్నరా? రోడ్డు మీద ఒక మనిషి పడి ఉంటే?"

రాజేశ్వరరావుగారు కారు బానెట్టు పట్టుకున్నారు. రామసుబ్బమ్మ పళ్లెం మెట్టు మీద పెట్టేసింది. ఎవరో ఒకరు కాదనవచ్చు. ఆ మలుపు తమకు తెలియనే తెలియదనవచ్చు. కానీ రామసుబ్బమ్మ అడిగిన మాట వేరు.

"ఆ మనిషి బతికే ఉన్నాడా?"

"ఉన్నడు."

"హమ్మయ్య!" రామసుబ్బమ్మ భర్త వైపు తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "చూశారా, నేను చెప్పలేదూ మీకు! ఏమీ అయ్యుండదని చెప్పలేదూ! ఏడాదిన్నర నుంచీ ఊరికే నిద్ర పాడుచేసుకుంటున్నారు."

ఆ సంతోషం గురించి చెప్పేటప్పుడు పార్వతమ్మ ఇప్పటికీ ఏదో చేదు మింగినట్టు ముఖం పెడుతుంది. అబద్ధాలు ఆమెకు కొత్తకాదు. పాత బండి అమ్మేవాడు అబద్ధం చెప్తాడనే కదా ఆమెను పిలిచేది. కానీ, దాచిపెట్టినది బయటపడ్డప్పుడు సిగ్గుపడాల్సిన మనిషి ఊపిరి పీల్చుకోవడం ఆమె ఎక్కడా చూడలేదు.

"కాలు పోయింది," అంది హిడ్మే. "ఇంకో గంట ముందు తెచ్చుంటే కాలుండేదని డాక్టరు చెప్పిండు."

రామసుబ్బమ్మ అరుగు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. "ఆయన దిగబోయారమ్మా. నేనే వద్దన్నాను. అసలే అడవి రోడ్డు. దిగితే ఆ ఊరోళ్లు మమ్మల్ని బతకనిస్తారా? ప్రాణభయంతో అన్నాను."

"ఆ మలుపుల ఊరే లేదమ్మా. ఉన్నది ఆయనొక్కడే" అంది హిడ్మే.

రాజేశ్వరరావుగారు అప్పటికి తేరుకున్నారు. చుట్టుపక్కల ఇళ్ల కిటికీల వైపు చూసి, గొంతు తగ్గించి, గేటు దగ్గరగా వేసి వచ్చారు. "అమ్మాయ్, జరిగిందేదో జరిగింది. ఇంకో నెలలో రిటైరవుతున్నాను. నువ్వు ఈ కారు ఊరికే తీసుకో. కాగితాలు రేపే నీ పేరున రాయిస్తాను. పేదవాళ్లకి ఉపయోగపడుతుంది. ఆ మనిషినే కూర్చోబెట్టుకుని తిప్పొచ్చు. పుణ్యం కదా."

పార్వతమ్మ అప్పటిదాకా పట్టుకున్న నూలు గుడ్డను కారు మీదే వదిలేసింది. "థూ" అంది. అంత పెద్దమనిషి ముందు, ఆ ముంగిట్లో, నేల మీద నిజంగానే ఉమ్మింది. "పద తల్లీ" అని హిడ్మే చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం ఆమె షెడ్డులో అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం నేను చూశాను. ఏమైందని అడిగితే జరిగిందంతా చెప్పింది. ఆఖరున "ఆ ఇశాపట్నంలో పనిసేసినోడి సెయ్యి మంచిది బాబూ" అంది. "ఎంత బాగా రుద్దినాడనుకున్నారు! నాకు కాబట్టి దొరికింది గానీ ఇంకెవులికీ దొరకదు. ఆడు బుద్ధిగా కూకుని రుద్దినాడు. ఏటికి తగిలిందని అడగలేదు."

ఆ తర్వాత ఆమె చెప్పిన సంగతి నేను మర్చిపోలేదు. పదిహేనేళ్ల కిందట ఒక జీపు వచ్చిందట, ముందు భాగం నుజ్జయి. చక్రం పైన రేకు మడత లోపల ఎండిన నెత్తురూ, దానికి అంటుకున్న వెంట్రుకలూ ఉన్నాయి. పొడుగు వెంట్రుకలు. అప్పలకొండకు చూపిస్తే, కిరసనాయిలు పోసి కడిగెయ్యమన్నాడు. ఆమె కడిగేసింది. లప్పం పెట్టింది, మూడు రోజులు రుద్దింది. జీపు కొత్తదానిలా వెళ్లిపోయింది. జీపు ఎవరిదో, ఆ వెంట్రుకలు ఎవరివో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగడానికి జీపూ లేదు, అప్పలకొండా లేడు.

"ఆడదాని జుట్టు బాబూ అది. నాను కడిగీసినాను" అంది. అంటూ కుడిచేతిని చీరకేసి తుడుచుకుంది. ఆ రోజంతా అలా తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున హిడ్మేతో కలిసి పోలీసు స్టేషనుకు వెళ్లి, తను చూసినదంతా చెప్పింది. సాయంత్రానికి కారు పట్టుకొచ్చి స్టేషను ఆవరణలో పెట్టారు. ఎడమపక్క లప్పం గీకించి చూస్తే, కింద నొక్కుకుపోయిన రేకు అలాగే ఉంది. దాన్ని సరిగా లేపకుండానే పైన పూత పూశారు. ఆ మడతలో లచ్చు సైకిలుది కాబోలు, రవ్వంత ఎర్ర రంగు కూడా దొరికిందని చెప్పుకున్నారు.

తర్వాత వారం రోజులూ షెడ్డుకు మనుషులు వస్తూనే ఉన్నారు. కమిటీ కార్యదర్శి సత్యమూర్తి మరో ముగ్గుర్ని వెంటేసుకొచ్చాడు. నేను ఇంట్లోనే ఉన్నాను, అన్నీ వినబడ్డాయి.

"ఆయన మనకెంత చేశారో మర్చిపోయావా పార్వతమ్మా? మీ ఆయన పోయినప్పుడు కట్టెలు ఎవరు తెప్పించారు? పరాయి రాష్ట్రంలో ఉంటున్నాం. మనవాళ్లని మనమే పోలీసులకు పట్టిస్తే ఎలా? రిటైరయ్యే ముందు పెద్దమనిషిని బోనెక్కిస్తావా?"

"కట్టెలు తెప్పించినారు బాబూ. కాదన్నానా?"

"మరి? ఎవడో బుట్టలల్లుకునేవాడి కోసం..."

"ఆ ఎవడో అన్న మాట ఇంకోసారనకండి. నా షెడ్డులో అనకండి."

"చదువుకున్నదానివి కాదు, నీకు కోర్టులూ అవీ తెలియవు. చెయ్యి వేసి చూశాను, తెలిసింది అంటే జడ్జి నమ్ముతాడా?"

"నమ్మకపోతే పోనీ. నాను సూసింది నాను సెప్తాను."

వాళ్లు వెళ్లాక ఉమామహేశ్ తల్లి మీద విసుక్కున్నాడు. "అమ్మా, కాలనీ బండ్లు రాకపోతే మనం ఏటి సేస్తాం? నీకెందుకొచ్చిన గొడవ? కారు కొనొద్దని సెప్పి వచ్చీవలసింది."

పార్వతమ్మ కొడుకు వైపు తిరిగింది. "నువ్వూ అదే అంతన్నావా?" అంది. ఇంక అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఉమామహేశ్ తనే స్కూటరు మీద హిడ్మేను ఎక్కించుకుని లచ్చు ఊరికి వెళ్లొచ్చాడు. అక్కడ ఏం చూశాడో తల్లికి చెప్పలేదు. షెడ్డు ముందు కూర్చుని చాలాసేపు బీడీలు కాల్చాడు.

కారు దొరికిందని చెప్పడానికే ఆ రోజు హిడ్మే వెళ్లింది. లచ్చు పెరట్లో కర్రకు ఆనుకుని వెదురు చీలుస్తున్నాడట. అంతా విని, కత్తి పక్కన పెట్టి, ఒకటే అడిగాడు.

"నన్ను చూశారా? లేక ఏ గొడ్డో అనుకున్నారా?"

గొడ్డనుకున్నారని చెప్పడం తేలిక. హిడ్మే అబద్ధం చెప్పలేకపోయింది. చూశారని చెప్పింది. ఆ మాటకు అర్థం కూడా అప్పుడే చెప్పింది. లచ్చు తల ఊపాడు. మళ్లీ ఆ మాట ఎప్పుడూ పలకలేదు.

కాలనీ బండ్లు నిజంగానే తగ్గాయి. తలంబ్రాలప్పుడు పార్వతమ్మకు పిలుపు రాలేదు. ఆమె కూడా వెళ్లాలనుకోలేదు. రాజేశ్వరరావుగారిని అరెస్టు చేసినా బెయిలు వచ్చింది. వీడ్కోలు సభ జరగలేదు గానీ, కొందరు ఇంటికి వెళ్లి శాలువా కప్పి వచ్చారు. ఆ శాలువా సంగతి విని పార్వతమ్మ నవ్విన నవ్వు వినడానికి బాగాలేదు. హిడ్మే గీదంలో ఒక పాత జీపు కొనుక్కుంది. దాని మీద సొట్టలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అమ్మినాయన ప్రతి సొట్టకూ ఎప్పుడు, ఎక్కడ, దేనికి తగిలిందో చూపించి మరీ చెప్పాడు. పార్వతమ్మ అయస్కాంతం బయటికి తియ్యలేదు.

దంతెవాడ కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పిన రోజు నేనూ వెళ్లాను. అవతలి వకీలు హిందీలో గంటసేపు అడిగాడు. ఏ చదువు చదివావు, ఏ పరీక్ష పాసయ్యావు అని. ఆమె తన హిందీలో, తడబడకుండా, కుడిపక్క రేకు ఎలా పలికిందో ఎడమపక్క ఎలా పలికిందో చెప్పింది. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు రాజేశ్వరరావుగారు రాజమండ్రి నుంచి వస్తారు. గుడ్డ సంచీ పట్టుకుని వరండాలో నిలబడతారు. మనిషి చిక్కిపోయారు.

నేను బచేలీ నుంచి బదిలీ అయ్యే ముందు ఇంకొకటి జరిగింది. ఒక వాయిదాకి రామసుబ్బమ్మ కూడా వచ్చింది. కోర్టు అయ్యాక భర్తను అక్కడే వదిలేసి, హిడ్మే జీపు దగ్గరకొచ్చి, లచ్చు ఇంటికి తీసుకెళ్లమని బతిమాలింది. హిడ్మే తీసుకెళ్లింది. రామసుబ్బమ్మ పెరట్లో నిలబడి ఏదో చెప్పబోయి, చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయిందట. లచ్చు ఆమె వైపు ఒకసారి చూసి తలదించుకుని పని చేసుకున్నాడు. లచ్చు భార్య ఆకు దొప్పలో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి, దొప్ప ఎక్కడ పడెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని జీపెక్కింది.

ఈ మాట హిడ్మే చెబుతుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పార్వతమ్మ తడి కాగితంతో ఒక ట్రాక్టరు బానెట్టు రుద్దుతూ వింటోంది. చెయ్యి ఆపలేదు.

"పాపం, ఆమె కూడా నలిగిపోయింది" అన్నాను.

పార్వతమ్మ బకెట్టులో కాగితం ముంచి తీసింది. "నాకు జాలి రాలేదు బాబూ" అంది. "రావాలా ఏటి?"